వు గ్వాన్‌జోంగ్

వు గ్వాన్‌జోంగ్ (1919–2010) చైనా చిత్రకారుడు, కళా ఆచార్యుడు, వ్యాసకర్త. కొండలు, నదులు, కాలవ ఒడ్డు పల్లెలు, రాతితోటలు ఆయన వస్తువులు. చైనా చిత్రకళలో వందల ఏళ్లుగా గీస్తున్న దృశ్యాలే అవన్నీ. వాటిని గీతలుగా, చుక్కలుగా, నలుపు తెలుపు పలకలుగా కుదించుకుంటూ వెళ్లి, ఇంకొక్క అడుగు వేస్తే ఊరు మాయమైపోతుందనే చోట ఆగడం ఆయన పద్ధతి. ఆ ఆగిన చోటే ఆయన ప్రత్యేకత ఉంది. నైరూప్య చిత్రకళ అంటే దృశ్యాన్ని వదిలేయడమని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అది దృశ్యంలోనే దాగి ఉంటుందని, చిత్రకారుడు అడ్డం తొలగిస్తే చాలని నమ్మారు. ఈ మాట చిత్రాల్లో చూపించారు, వ్యాసాల్లో వాదించారు, దానికోసం రెండు తరాలపాటు తిట్లు కూడా తిన్నారు.

బాల్యం, హాంగ్‌జౌ

జియాంగ్సు రాష్ట్రంలోని యీషింగ్ ప్రాంతం మట్టి టీ పాత్రలకు పేరుమోసింది. తాయ్‌హూ సరస్సుకు దగ్గర. అక్కడి ఒక పల్లెలో వు పుట్టారు. తండ్రి బడిపంతులు, కాస్త సాగు కూడా ఉండేది. తల్లికి చదువు రాదు. పిల్లల్లో ఈయనే పెద్దవాడు. యాంగ్‌ట్సీ నదికి దక్షిణాన ఉన్న ఈ భూభాగాన్ని జియాంగ్‌నాన్ అంటారు. కాలవలు, రాతి వంతెనలు, సున్నం కొట్టిన తెల్లగోడలు, నల్లపెంకుల కప్పులు, ఏడాదిలో చాలాకాలం బూడిదరంగులో ఉండే ఆకాశం అక్కడి తీరు. తర్వాత ఆయన గీసిన వందలాది చిత్రాలకు రంగుల పట్టిక ఇదే: తెలుపు, నలుపు, ఆ రెంటి మధ్య వెండి బూడిద.

పేదింటి పెద్దకొడుకు కాబట్టి ఉద్యోగం వచ్చే చదువు చదవాలి. 1935లో హాంగ్‌జౌలో విద్యుత్ ఇంజినీరింగు నేర్పే వృత్తి విద్యాలయంలో చేరారు. విద్యార్థులకు పెట్టే సైనిక శిక్షణలో చు తెహ్-చున్ అనే కుర్రాడు పరిచయమై, తను చదివే కళాశాలను చూపించాడు. పశ్చిమ సరస్సు ఒడ్డున లిన్ ఫెంగ్‌మియాన్ 1928లో స్థాపించిన జాతీయ కళా విద్యాలయం అది. ఒక్కసారి చూశాక ఇంజినీరింగు మీద మనసు నిలవలేదు. తండ్రి వద్దన్నా 1936లో అందులోకి మారిపోయారు.

ఆ విద్యాలయం లక్షణం చెప్పుకోకపోతే వు అర్థం కారు. లిన్ ఫెంగ్‌మియాన్ ఫ్రాన్సులో చదివి వచ్చినవారు. తూర్పు, పడమరల కళను ఒకే కప్పు కింద నేర్పాలన్నది ఆయన పట్టుదల. పాన్ తియాన్‌షౌ దగ్గర వు పాత సిరాకుంచె సంప్రదాయం నేర్చారు. పాతకాలపు గొప్ప చిత్రాలను చూసి ప్రతులు రాశారు. వు దాయు దగ్గర తైలవర్ణం, ఆధునిక ఐరోపా రంగుల తర్కం వంటబట్టాయి. ఒకే విద్యార్థికి రెండు వ్యాకరణాలు ఒకేసారి అబ్బాయన్నమాట. 1937లో జపాను దాడి మొదలయ్యాక విద్యాలయం మొత్తం మూటాముల్లె కట్టుకుని పడమటికి కదిలింది. హూనాన్, కున్‌మింగ్, చోంగ్‌చింగ్ ప్రాంతాలకు విద్యార్థులూ అధ్యాపకులూ తరలిపోతూనే చదువు సాగింది. వు 1942లో పట్టా పుచ్చుకున్నారు.

పారిస్, తిరుగు ప్రయాణం

యుద్ధం ముగిశాక 1946లో ప్రభుత్వం విదేశీ విద్యకు పోటీ పరీక్ష పెట్టింది. అందులో ఎంపికై, 1947లో పారిస్‌లోని జాతీయ లలితకళల విద్యాలయంలో చేరారు. అక్కడ గురువు జాఁ సూవెర్బి. సెజాన్, వాన్ గో, గోగాఁ చిత్రాలను పుస్తకాల్లో కాకుండా ఎదురుగా చూడగలిగారు. పారిస్ వీధుల తెల్లగోడలను గీసిన ఉత్రిల్లో ఆయనకు ప్రత్యేకంగా నచ్చారు. జియాంగ్‌నాన్ గోడల మధ్య పెరిగినవాడికి ఆ తెలుపు పరాయిదిగా తోచలేదేమో.

1950లో తిరిగొచ్చారు. ఆ నిర్ణయం గురించి చైనాలో ఇప్పటికీ చర్చ నడుస్తుంది, ఎందుకంటే హాంగ్‌జౌ విద్యాలయం నుంచి వచ్చిన మరో ఇద్దరు పారిస్‌లోనే స్థిరపడి లోకప్రసిద్ధులయ్యారు. ఒకరు జావో వూకీ, మరొకరు చు తెహ్-చున్. వాళ్లు పూర్తి నైరూప్యంలోకి వెళ్లారు. వాళ్ల చిత్రాల్లో కొండ ఉందా మేఘం ఉందా అన్నది చూసేవాడి ఇష్టం. వు అలా వెళ్లకపోవడానికి ఇంటికి తిరిగి రావడమే కారణమని తేల్చడం సులువు. కానీ అది సగం నిజమే అనిపిస్తుంది. రాజకీయ నిర్బంధం ఎత్తేశాక, ఎవరూ అడ్డుపడని రోజుల్లో కూడా, ఆయన గీతను ఊరి నుంచి పూర్తిగా విడదీసిన సందర్భాలు తక్కువ.

బీజింగ్‌లోని కేంద్రీయ లలితకళా విద్యాలయంలో అధ్యాపకుడయ్యారు. అక్కడి పెద్ద షూ బీహాంగ్, వాస్తవికతావాది. సోవియట్ ధోరణి బలపడుతున్న కాలం. రూపం గురించి, రంగు గురించి పాఠాలు చెప్పే అధ్యాపకుడి మీద ‘రూపవాది’ అన్న ముద్ర పడటానికి ఎంతోకాలం పట్టలేదు. కార్మికుల, రైతుల బొమ్మలు వికారంగా గీస్తున్నాడన్నారు. వు అప్పుడొక పని చేశారు: మనుషుల బొమ్మలు వదిలేసి ప్రకృతి దృశ్యాల వైపు తిరిగారు. చెట్టునో కొండనో వికారంగా గీశాడని అంత తేలిగ్గా ఎవరూ ఫిర్యాదు చేయలేరు కదా. ఆయన జీవితమంతా చేసిన పనికి తొలి కారణం ఇంత లౌకికమైనది. 1953లో చింగ్హువా విశ్వవిద్యాలయపు వాస్తుశిల్ప శాఖకు, తర్వాత మరో కళాశాలకు, 1964లో కేంద్రీయ కళలు, చేతిపనుల విద్యాలయానికి మారుతూ వచ్చారు. సెలవులొస్తే రంగుల పెట్టె భుజాన వేసుకుని దేశం తిరిగారు. 1961లో టిబెట్ కూడా వెళ్లి గీసి వచ్చారు.

బయట కూర్చుని గీయడంలోనూ ఆయనది వేరే దారి. ఈజిల్ ఒకేచోట పాతుకుని ఎదురుగా కనబడేది దించడం కాదు. ఒకచోట చెట్టును గీసి, ఈజిల్ మోసుకుని వెళ్లి మరోచోట నుంచి కొండను, ఇంకోచోట నుంచి ఇళ్లను అదే కాన్వాసు మీదికి తెచ్చేవారు. ఒకే కన్నుతో, ఒకే చోటు నుంచి చూడటం ఐరోపా తైలవర్ణానికి పునాది. నడుస్తూ చూడటం చైనా పొడవాటి చుట్టచిత్రాల పద్ధతి. సరుకు పారిస్‌ది, చూపు పాన్ తియాన్‌షౌ నేర్పినది.

పేడతట్ట

1966లో సాంస్కృతిక విప్లవం మొదలయ్యాక బోధన, చిత్రలేఖనం రెండూ నిషేధమయ్యాయి. ఇంట్లో ఉంటే ముప్పని తన నగ్నచిత్రాలను ఆయనే నాశనం చేసుకున్నారు. 1970లో సహ అధ్యాపకులతో, విద్యార్థులతో కలిపి హెబెయ్ రాష్ట్రంలోని ఒక పల్లెకు పొలం పనికి పంపారు. భార్య జు బీచిన్ ఒకచోట, ఆయన మరోచోట.

కొంతకాలానికి ఆదివారాలు గీసుకోవచ్చని అనుమతి దొరికింది. కాన్వాసు లేదు. ఊరి దుకాణంలో దొరికే చవక నల్లబల్ల చెక్కలు కొని, వాటికి జిగురు పూసి, దానిమీద తైలవర్ణం వేశారు. ఈజిల్ లేదు. రైతులు పేడ ఎత్తి మోసుకెళ్లే తట్ట ఒకటి అరువు తెచ్చుకున్నారు. పైకి లేచిన దాని పిడికి చెక్కను ఆనిస్తే ఈజిల్, కింద బుట్టలో రంగులు. వీపున వేసుకుంటే చేతులు ఖాళీ. తోటివాళ్లు దీనికి ‘పేడతట్ట చిత్రకళ’ అని పేరు పెట్టారు. మరికొందరు అలాగే తట్టలు తగిలించుకుని బయల్దేరడంతో ఆ పేరు కాస్తా ఒక చిత్రకళా శాఖ పేరులా స్థిరపడింది. జొన్నకంకులు, పత్తిచేలు, గుమ్మడితీగలు అప్పటి వస్తువులు. పెద్ద కొండ లేదు, జలపాతం లేదు, ఉన్నదల్లా కాళ్ల దగ్గరి మట్టి. గుమ్మడితీగ ఎలా మెలితిరిగి పాకుతుందో ఆదివారం తర్వాత ఆదివారం చూసిన ఆ చూపు, పదేళ్ల తర్వాతి నైరూప్య గీతల్లో తిరిగి కనిపిస్తుంది. ఆయన గీతలకు అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొల్లాక్‌తో పోలిక తెచ్చే విమర్శకులు ఈ గుమ్మడితీగలను కూడా లెక్కలోకి తీసుకుంటే బాగుండేది.

1973లో బీజింగ్ హోటలుకు యాంగ్‌ట్సీ నది కుడ్యచిత్రం గీయడానికి పిలుపొచ్చింది. హువాంగ్ యోంగ్‌యూ తదితరులతో కలిసి నది వెంట తిరిగి నమూనాలు గీశారు. ఈలోగా కొందరు చిత్రకారుల పనిని ‘నల్ల చిత్రాలు’ అంటూ దాడి మొదలవడంతో ఆ పథకం ఆగిపోయింది. ఆయనకు మాత్రం ఆ ప్రయాణం వృథా కాలేదు, కొత్త వస్తువులు బోలెడు మిగిల్చింది. దాదాపు అదే కాలంలో, 1974 ప్రాంతంలో, తైలవర్ణంతోపాటు సిరా, బియ్యపు కాగితం మళ్లీ చేతబట్టారు. అప్పటికి వయసు యాభై అయిదు.

తెగని దారం

మావో మరణం తర్వాత చైనా కళారంగంలో మొదట నోరు విప్పినవారిలో వు ఒకరు. 1979లో ‘మెయిషు’ పత్రికలో చిత్రకళలో రూప సౌందర్యం గురించి ఒక వ్యాసం, 1980లో నైరూప్య సౌందర్యం గురించి మరొకటి రాశారు. మరుసటి ఏడు, విషయమే రూపాన్ని నిర్ణయిస్తుందన్న అధికారిక సూత్రాన్ని నేరుగా ప్రశ్నించారు. ముప్పయ్యేళ్లుగా ‘రూపం’ అన్న మాటే నేరంగా ఉన్న దేశంలో ఇవి పిడుగుల్లా పడ్డాయి. ఏళ్ల తరబడి వాదప్రతివాదాలు నడిచాయి.

నైరూప్యం పడమటి దిగుమతి కాదన్నది ఆయన వాదనలో అసలు బలం. సూజౌ నగరపు తోటల్లో నీటి కోతకు చిల్లులు పడ్డ రాళ్లను తెచ్చి నిలబెట్టి తరతరాలుగా మురిసిపోతున్నారు. ఆ రాయి దేనికి ప్రతిరూపం? తెల్లగోడ మీద పాకిన తీగ నీడను చూసి ఆనందిస్తారు. అందులో ‘విషయం’ ఏమిటి? నైరూప్య సౌందర్యం సామాన్యుడి కంటికి ఎప్పటినుంచో అలవాటైనదేనని, దానిమీద అనుమానం మేధావులకే తప్ప జనానికి లేదని చెప్పారు.

అయితే హద్దు కూడా ఆయనే గీశారు. 1983 నాటి వ్యాసంలో చిత్రాన్ని గాలిపటంతో పోల్చారు. పటం పైకి లేవాలి, లేవకపోతే అది పటమే కాదు. కానీ నేలమీది చేతికి, పటానికి మధ్య కంటికి కనిపించని దారం తెగకూడదు. నేల అంటే చిత్రానికి పుట్టుకనిచ్చిన అనుభూతి, దాన్ని పంచుకునే మామూలు మనుషులు. జనం తల ఊపాలి, నిపుణులు చప్పట్లు కొట్టాలి అన్నది తరచూ చెప్పుకున్న లక్ష్యం. రెండు పడవల మీద కాళ్లు అని ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆ ఎగతాళికి జవాబు ఆయన చిత్రాల్లోనే వెతకాలి.

రెండు చిత్రాలు

‘రెండు వానకోయిలలు’ (1981) ఆయనకే అతి ఇష్టమైన చిత్రాల్లో ఒకటి. నింగ్బోలో రైలు అందుకునే తొందరలో ఉండగా నీటి ఒడ్డున ఒక పాత ఇల్లు కంటబడింది. గబగబా రేఖాచిత్రం వేసుకున్నారు. దాని నుంచి తర్వాత ఈ సిరాచిత్రం వచ్చింది. అడ్డంగా సాగిన కాగితంలో ఎక్కువ భాగం ఏమీ గీయని తెలుపు. అదే గోడ. పైన సన్నని నల్లచారలుగా పెంకుల అంచులు. నిలువుగా ఒకటి రెండు చీకటి చీలికలుగా ద్వారాలు. కింద పలుచని బూడిద, అది నీరు. ఆకులు లేని చెట్టొకటి. ఈ అడ్డం, నిలువుల పొందిక చూస్తే డచ్చి చిత్రకారుడు మోండ్రియాన్ గుర్తుకు రాక మానడు. ఆ పోలికను వు కూడా ఒప్పుకున్నారు. తేడా ఎక్కడుందంటే, ఆ తెలుపు అంచున రెండు చిన్న నల్లమరకలు ఎగురుతుంటాయి. వాటిని వేలితో మూసి చూడండి, మిగిలేది జ్యామితి. వేలు తీస్తే అది ఎవరో ఒకప్పుడు కాపురమున్న ఇల్లు. దారం అన్నది ఇంతకంటే సన్నగా చూపించడం కష్టం.

రెండోది ‘సింహాల తోట’. సూజౌలో పద్నాలుగో శతాబ్దంలో కట్టిన తోట ఇది, తాయ్‌హూ రాళ్ల గుట్టలకు ప్రసిద్ధి. దీన్ని ఆయన 1980ల్లో ఒకటికి రెండుసార్లు గీశారు. పెద్ద కాగితం. పైన సన్నటి పట్టీలో మండపం, వసారా, అందులో ఉండీ లేనట్టు మనుషులు. అడుగున చెరువులో రంగురంగుల చేపలు. ఈ రెంటి మధ్య ఉన్న పెద్ద మైదానమంతా రాళ్లే. కానీ ఏ ఒక్క రాయికీ బరువు లేదు, నీడ లేదు. సిరాగీత ఎక్కడో మొదలై మలుపులు తిరుగుతూ పోతుంది, దాని వెంట ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలు చిమ్మి ఉంటాయి. మన ముంగిట ముగ్గులో చుక్కలు పెట్టాకే గీత చుట్టుకుంటుంది. ఇక్కడ గీత తిరిగాక చుక్కలు దానికి తాళం వేస్తాయి. పైన మండపాన్నీ, కింద చేపలనూ తీసేస్తే ఇది నూరుపాళ్లు నైరూప్య చిత్రం. ఆ రెండు పట్టీలు ఉండబట్టి జనం తలూపుతారు.

తైలవర్ణంలో ‘జౌజువాంగ్’ (1997) ఇదే ఆలోచనకు పెద్ద రూపం. ఆ కాలవల ఊరి గురించి ఆయన రాసిన మాట తర్వాత పర్యాటక ప్రచారానికి పనికొచ్చింది. ఊరు సందడిలో మునిగిపోవడంలో చిత్రకారుడికీ కొంత వాటా ఉందన్నమాట. రచయిత లు షున్ స్వస్థలమైన షావోషింగ్‌నూ పదేపదే గీశారు. ఆ రచయిత అంటే ఆయనకు ప్రాణం. సమాజానికి చిత్రకారుడికంటే లు షున్ లాంటి రచయిత అవసరమే ఎక్కువని బాహాటంగా అనేవారు.

సిరాకుంచె వివాదం

1992లో హాంకాంగ్ పత్రికలో వచ్చిన వ్యాసం ఆయన్ను సంప్రదాయవాదులకు శత్రువును చేసింది. చైనా చిత్రకళలో కుంచె దెబ్బ, సిరా చిక్కదనాలకు ఎన్నో పేర్లు, సూత్రాలు ఉన్నాయి. కొండకు ఏ రకం గీత, చెట్టుకు ఏ రకం గీత అన్నది పదిహేడో శతాబ్దపు పాఠ్యగ్రంథాల్లోనే అచ్చయి ఉంది. ఒక నిర్దిష్ట చిత్రం నుంచి విడదీసి చూస్తే ఈ కుంచె, సిరాల విలువ సున్నా అన్నారు వు. షరతును వదిలేసి ‘సున్నా’ను మాత్రమే పట్టుకున్నారు ప్రత్యర్థులు. ఒకప్పుడు ఆయనతో కలిసి పనిచేసిన జాంగ్ డింగ్, చైనా చిత్రానికంటూ కనీస గీటు ఒకటుందని, దాన్ని కాపాడుకోవాలని గట్టిగా ప్రతివ్యాసం రాశారు. జాంగ్ డింగ్ మాటను కొట్టిపారేయలేం. వు గీతలో వేగముంది, లయ ఉంది, కానీ పాత గురువుల గీతలో కనిపించే లోతైన బిగువు అన్నిసార్లూ లేదు. ఇటు కొత్త తరం ప్రయోగవాదులకేమో ఆయన మరీ ముచ్చటగా, మరీ ఎవరినీ నొప్పించకుండా కనిపించారు. చివరి రెండు దశాబ్దాల్లో రంగుచుక్కలు అలవాటుగా రాలుతున్న చిత్రాలు చూస్తే ఆ విమర్శలోనూ పస ఉందనిపిస్తుంది. తెల్లగోడల చిత్రాల్లోని పొదుపు వాటిలో లేదు.

గుర్తింపు, మార్కెట్

1991లో ఫ్రాన్సు ప్రభుత్వం కళలు, సాహిత్య పురస్కారం ఇచ్చింది. 1992లో బ్రిటిష్ మ్యూజియం ఆయన చిత్రాలతో ప్రదర్శన పెట్టింది. బతికున్న చైనా చిత్రకారుడికి అక్కడ ఏకవ్యక్తి ప్రదర్శన దక్కడం అదే మొదలు. 2000లో ఫ్రెంచి లలితకళల అకాడమీ కరస్పాండెంట్ సభ్యత్వం వచ్చింది.

ధరలు ఆయన చేయిదాటి పరుగెత్తాయి. ‘సింహాల తోట’ చిత్రం ఒకటి 2011లో 11.5 కోట్ల యువాన్లకు, ‘జౌజువాంగ్’ 2016లో హాంకాంగ్‌లో 23.6 కోట్ల హాంకాంగ్ డాలర్లకు అమ్ముడయ్యాయి. ధర పెరిగితే దొంగ చిత్రాలు పుట్టుకొస్తాయి. 1993లో తన సంతకంతో వేలానికొచ్చిన మావో చిత్రం తనది కాదని కోర్టుకెక్కి, కొన్నేళ్లు పోరాడి గెలిచారు. అలాంటి కేసుల్లో చైనాలో ఇది తొలినాళ్లది. మరోపక్క 1991లో తనకు నచ్చని రెండు వందలకు పైగా చిత్రాలను తనే నాశనం చేశారు. బీజింగ్‌లో మామూలు అపార్ట్‌మెంటులోనే చివరిదాకా ఉన్నారు. ప్రభుత్వ జీతాలతో నడిచే చిత్రకారుల సంఘాలు, సంస్థలు దండగని ఎనభై దాటాక కూడా విమర్శించారు.

మంచి చిత్రాలు ఇళ్లలో కాకుండా మ్యూజియాల్లో ఉండాలని, బతికుండగానే పంచిపెట్టడం మొదలుపెట్టారు. 2008లో ఒక్క సింగపూరుకే 113 చిత్రాలు ఇచ్చారు. అక్కడి నేషనల్ గ్యాలరీలో ఇప్పుడు ఆయన పేరిట ప్రత్యేక విభాగం ఉంది. హాంకాంగ్ కళా మ్యూజియానికి ఆయన, తర్వాత ఆయన కుటుంబం కలిసి వందలకొద్దీ చిత్రాలు, రేఖాచిత్రాలు అందించారు. ‘రెండు వానకోయిలలు’ అక్కడే ఉంది. చైనా ప్రధాన భూభాగం దాటి ఆయన్ను తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకు ఈ రెండు నగరాలే దగ్గరి దారి. వు 2010 జూన్ 25న బీజింగ్‌లో మరణించారు. హాంకాంగ్‌కు ఇచ్చిన ఆఖరి విడత చిత్రాలు ఆ రోజుల్లోనే మ్యూజియం చేతికి అందాయి.